లారా తలుపు తీసుకుని లోపలికి వచ్చాక

మా ఊరి టూరింగ్ టాకీసు సైకిల్ స్టాండులో ఒక కుర్రాడు ఉండేవాడు. సస్పెన్స్ సినిమా ఆడే రోజుల్లో వాడితో చిల్లర దగ్గర గొడవ పెట్టుకోకూడదు. పెట్టుకుంటే టోకెన్ చేతిలో పెడుతూ, మొహం కూడా ఎత్తకుండా, "చంపింది డాక్టరు" అనేసేవాడు. ఇక టికెట్టు డబ్బులు నీళ్లపాలే. తెర మీద డాక్టరు స్టెతస్కోపు తగిలించుకుని అమాయకంగా నవ్వుతుంటే రెండున్నర గంటలు పళ్లు నూరుకుంటూ కూర్చోవడమే. మర్డర్ మిస్టరీ అంటే అంతే కదా. హంతకుడి పేరు తెలిసిపోతే విప్పేసిన పొడుపుకథ. ఎవరికీ అక్కర్లేదు.

1944లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'లారా' ఈ లెక్కకు లొంగదు. చంపిందెవరో నాకు చాలా ఏళ్లుగా తెలుసు. అయినా ఏడాదికోసారైనా ఆ సినిమా పెట్టుకుంటాను, ఒకసారి చూసినప్పుడు కనబడనిది మరోసారి కనబడుతుంది. ఇలా చూసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. హంతకుడి పేరు బయటపడ్డాక కూడా ఎనభై ఏళ్లుగా ఈ సినిమా ఎందుకు పట్టి కూర్చోబెడుతోందన్నదే ఇక్కడ విప్పి చూడాలనుకున్న ముడి. అందుకు హంతకుడి పేరు నేనూ చెప్పక తప్పదు. చూడనివాళ్లు ఇక్కడ ఆగి చూసి రండి, సినిమా నిడివి 88 నిమిషాలే.

న్యూయార్క్‌లో లారా హంట్ అనే అమ్మాయి ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో మంచి హోదాలో పనిచేస్తుంటుంది. ఒక శుక్రవారం రాత్రి ఆమె ఫ్లాట్ గుమ్మంలో షాట్‌గన్ పేలుతుంది. మర్నాడు పొద్దున పనిమనిషి బెస్సీ వచ్చి శవాన్ని చూస్తుంది. గుండు తగిలింది ముఖానికి, గుర్తుపట్టేలా లేదు. ఇల్లు లారాది, ఒంటి మీద బట్టలు లారావి. ఇంకెవరనుకుంటారు?

కేసు మార్క్ మెక్‌ఫర్సన్ అనే డిటెక్టివ్ చేతికి వస్తుంది. అనుమానితులు ముగ్గురు. వాల్డో లైడెకర్ పేపర్లో కాలమ్ రాస్తాడు, రేడియోలో మాట్లాడతాడు, ఎవరినైనా ఒక్క వాక్యంతో చీరేయగలడు. లారాను పైకి తెచ్చింది తనేనని అతని నమ్మకం. షెల్బీ కార్పెంటర్ లారాను పెళ్లి చేసుకోబోయినవాడు. రూపం ఉంది, పని లేదు, చేతిలో పైసా లేదు. మూడో మనిషి యాన్ ట్రెడ్‌వెల్, లారాకు ఆంటీ. మేనత్తో పిన్నో చెప్పలేను, ఆంటీ అన్నాక వరస తేల్చడం కష్టం. డబ్బున్న మనిషి, షెల్బీ ఖర్చులు చూస్తుంటుంది, అతని మీద మనసు కూడా ఉంది.

ఇంతవరకూ ఏ డిటెక్టివ్ నవలైనా ఇలాగే ఉంటుంది. సగం దాటాక అసలు మలుపు.

వానపడుతున్న రాత్రి మెక్‌ఫర్సన్ ఒంటరిగా లారా ఫ్లాట్‌కి వస్తాడు. కోటు విప్పుతాడు. ఆమె ఉత్తరాలు చదువుతాడు, సొరుగులు లాగుతాడు, సెంటు సీసా మూత తీసి వాసన చూస్తాడు, బట్టల అలమర తెరిచి మూసేస్తాడు. సాక్ష్యం కోసం వెతికేవాడు సెంటు వాసన ఎందుకు చూస్తాడు? గోడ మీద లారా నిలువెత్తు చిత్రపటం. గ్లాసులో మందు పోసుకుని దాని ఎదుటికి వెళ్లి నిలబడతాడు. ఇంతలో వాల్డో వచ్చి విషయం పసిగట్టేస్తాడు. ఆ పటం కొనడానికి మెక్‌ఫర్సన్ బేరం పెట్టాడని అతనికి ముందే తెలుసు. శవాన్ని ప్రేమించి పిచ్చాసుపత్రిలో చేరిన మొదటి మనిషివి నువ్వే అవుతావేమో జాగ్రత్త, అని ఎత్తిపొడిచి వెళ్లిపోతాడు. మెక్‌ఫర్సన్ పటం కింద కుర్చీలో కూలబడి, ఇంకో గుక్క తాగి, నిద్రలోకి జారుకుంటాడు. కెమెరా మెల్లగా అతని ముఖం దగ్గరికి వెళ్తుంది, మెల్లగా వెనక్కి వస్తుంది. తలుపు చప్పుడు. తడిసిన టోపీతో, లేతరంగు కోటుతో లారా లోపలికి వస్తుంది.

మెక్‌ఫర్సన్ కళ్లు నులుముకుంటాడు. లారా మాత్రం, నువ్వెవరు, నా ఇంట్లో ఏం చేస్తున్నావు, పోలీసులకు ఫోన్ చేస్తాను అంటుంది.

మన సినిమా భాషలో దీన్ని ఇంటర్వెల్ బ్యాంగ్ అంటాం. మొదటిసారి మా మేనల్లుడికి చూపిస్తే, లారా లోపలికి రాగానే వాడు "మామయ్యా, డబుల్ యాక్షనా?" అన్నాడు. తప్పు వాడిది కాదు. చచ్చినవాళ్లు తలుపు తీసుకుని వస్తే మన సినిమాల్లో రెండే దారులు, దెయ్యం లేదా కవల. ఇక్కడ రెండూ కాదు. లారా ఆలోచించుకోవడానికి ఊరవతల ఉన్న తన ఇంటికి వెళ్లింది. అక్కడ రేడియో చెడిపోయింది, పేపరు చూడలేదు, తను చచ్చిపోయిన వార్త ఆమెకే తెలియదు. గుమ్మంలో పడిపోయింది డయాన్ రెడ్‌ఫర్న్ అనే మోడల్. లారా లేని సమయం చూసి షెల్బీ ఆమెను ఆ ఫ్లాట్‌కి తీసుకొచ్చాడు. బెల్ మోగితే లారా గౌను వేసుకున్న డయాన్ వెళ్లి తలుపు తీసింది. చీకట్లో అవతల ఉన్నవాడు లారా అనుకుని కాల్చేశాడు. ఆ చేతులు వాల్డోవి.

ఆ ఒక్క అడుగుతో కథ తలకిందులవుతుంది. హతురాలు అనుకున్న మనిషి అనుమానితురాలైంది, ఎందుకంటే కాబోయే భర్తతో తిరుగుతున్న అమ్మాయి శవం ఆమె ఇంట్లోనే దొరికింది. అంతకన్నా చిక్కు ఇంకొకటి. అప్పటిదాకా లారా గురించి మనకు తెలిసిందంతా మగాళ్లు చెప్పిందే. వాల్డోకు ఆమె తన చేతిలో తయారైన బొమ్మ. షెల్బీకి ఆధారం. పటం గీసిన జకోబీకి ఆరాధన (వాల్డో అతని కళను తన కాలమ్‌లో చీల్చి చెండాడాడు, లారా ముందు అతను నవ్వులపాలయ్యాడు). మెక్‌ఫర్సన్‌కు సెంటు వాసన. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి వీటిల్లో ఏదీ కాదు. కొంచెం చిరాకు, కొంచెం అలసట, షెల్బీని వదులుకోవాలో లేదో తేల్చుకోలేని తత్తరపాటు. ఆకలేస్తే వంటింట్లోకి వెళ్లి కోడిగుడ్లు వండుకునే మనిషి. పటంలోని మనిషిని ప్రేమించినవాడికి ఈ మనిషి నచ్చుతుందా అన్న టెన్షన్ హంతకుడెవరన్న టెన్షన్‌కు ఏమాత్రం తీసిపోదు. రెండోసారి చూసేటప్పుడు అదే నిలుస్తుంది.

ఇక వాల్డో సంగతి. నా లెక్కలో ఈ సినిమా బతికున్నది సగం అతని గొంతు వల్ల. తెర మీద మొదట వినబడేది ఆ గొంతే. లారా చనిపోయిన ఆ వారాంతాన్ని ఎన్నటికీ మరిచిపోలేనని, ఆమెను నిజంగా ఎరిగినవాణ్ని తనొక్కణ్నేనని చెబుతుంటుంది. కెమెరా ఖరీదైన గదిలో గాజు అలమరాల మీదుగా, ఒక పొడవాటి గడియారం మీదుగా సాగుతుంది. డిటెక్టివ్ వచ్చాడు, కావాలనే కాసేపు కూర్చోబెట్టాను, సగం తెరిచిన తలుపులోంచి అతన్ని గమనిస్తున్నాను అంటుంది గొంతు. మెక్‌ఫర్సన్ అలమరలో వస్తువు మీద చెయ్యి వేయబోతే, అదే గొంతు ఒక్కసారి పక్క గదిలోంచి "జాగ్రత్త, అది వెలకట్టలేనిది" అని గదమాయిస్తుంది. కథ చెప్పే గొంతు కథలోకి దూకిన ఆ క్షణంలో మనం ఎవరి ఇంట్లో కూర్చున్నామో అర్థమవుతుంది. వాల్డో తొట్టిస్నానం చేస్తూ, అడ్డంగా పెట్టిన పలక మీద టైప్‌రైటర్‌తో కాలమ్ రాసుకుంటుంటాడు.

అక్కడే, మొదటి అయిదారు నిమిషాల్లోనే, సినిమా తాళంచెవి మన చేతిలో పెట్టేస్తుంది. రెండేళ్ల కిందట నీ కాలమ్‌లో ఒక హత్య గురించి రాశావు, అంటాడు మెక్‌ఫర్సన్. షాట్‌గన్‌తో చంపారని రాశావు, లారాను చంపినట్టే. కానీ ఆ మనిషిని చంపింది కిటికీకి వాడే ఇనప దిమ్మతో. వాల్డో తేలిగ్గా తోసేస్తాడు, జరిగినదానికన్నా తన కథే బాగుందన్నట్టు. మొదటిసారి చూసేవాళ్లు నవ్వి వదిలేస్తారు. షాట్‌గన్ ఈ మనిషి తలలో రెండేళ్లుగా ఉందని అంత బాహాటంగా చెప్పేశాక ఇంకేం దాచినట్టు? పెద్ద హాలులో అందరి ముందూ దీపం వెలిగించి పెట్టి, చీకట్లో దాచారని మనల్ని నమ్మించడం ఇది.

కథ చెప్పేవాడే హంతకుడైతే అతను మనతో అబద్ధమాడినట్టే కదా, ఇదేం న్యాయమని అడిగేవాళ్లుంటారు. నేనూ మొదట అదే అనుకున్నాను. జాగ్రత్తగా వింటే వాల్డో అబద్ధమాడలేదు. లారా చనిపోయిందని అతను నమ్ముతున్నాడు, ఎందుకంటే చంపింది తనే. పొరపాటున ఇంకొకరిని చంపానని అతనికీ తెలియదు. అందుకే మొదటి సగంలో అతను పడే దుఃఖం నటన కాదు. హోటల్లో కూర్చుని, ఆమె తన టేబుల్ దగ్గరికి వచ్చి పెన్ను కంపెనీ ప్రకటనకు పేరు ఇమ్మని అడిగిన తొలిరోజు గురించి చెబుతున్నప్పుడు అతని గొంతులో ఉన్నది నిజమైన ప్రేమ. చంపినవాడే మనస్ఫూర్తిగా ఏడుస్తున్నాడు. లారా బతికే ఉందని చూసినప్పుడు వాల్డో స్పృహ తప్పి పడిపోతాడు. మొదటిసారి అది ఆనందమనుకుంటాం.

వాల్డో వేషం వేసిన క్లిఫ్టన్ వెబ్‌కు అప్పటికి యాభై దాటాయి, న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల్లో పేరున్నవాడు. ట్వెంటియెత్ సెంచురీ ఫాక్స్ స్టూడియో పెద్ద డారిల్ జానక్‌కు అతను ఇష్టం లేదు. దర్శకుడు ఓటో ప్రెమింజర్ పట్టుబట్టాడు. వియన్నా నుంచి వచ్చిన ప్రెమింజర్‌కీ జానక్‌కీ అంతకుముందే చెడింది, ఇక ఈ స్టూడియోలో డైరెక్షన్ చేయవు అని అతనికి చెప్పేశారు. అందుకే 'లారా'కు ఆయన నిర్మాతగానే మొదలుపెట్టాడు, దర్శకత్వం రూబెన్ మమూలియన్‌ది. తీసిన రీళ్లు నచ్చక మమూలియన్‌ను తప్పించి, వేరే దారిలేక ప్రెమింజర్‌కే అప్పగించారు. కెమెరామన్ కూడా మారాడు. లూసియన్ బాలర్డ్ స్థానంలో వచ్చిన జోసెఫ్ లాషెల్ ఈ సినిమాకే ఆస్కార్ తీసుకున్నాడు. అయిదు నామినేషన్లలో దక్కింది ఆ ఒక్కటే.

మమూలియన్ పోతూ పోతూ పటాన్ని కూడా వెంట తీసుకెళ్లినట్టయింది. లారా చిత్రపటం మొదట గీసింది తర్వాత ఆయనకు భార్య అయిన చిత్రకారిణి. ప్రెమింజర్‌కు అందులో జీవం కనిపించలేదు. లారా వేషం వేసిన జీన్ టియర్నీ ఫోటో తీయించి, పెద్దదిగా చేయించి, దాని మీద నూనె రంగు బ్రష్‌తో పూయించాడు. అంటే సినిమాలో అందరూ మహా చిత్రకళగా చూసే ఆ పటం, రంగు పూసిన ఫోటో. ఆ చూపు పటంలోంచి గదిలోకి వస్తున్నట్టు అనిపించడానికి కారణం ఇదే కావచ్చు. ఒక చిత్రకారుడి ఊహగా కాక మనిషిగానే ఉంది అది. తన నటనకన్నా ఆ పటంలో అమ్మాయిగానే జనం తనను ఎక్కువ గుర్తుపెట్టుకున్నారని టియర్నీ తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది. కథలో లారాకు జరిగింది బయట టియర్నీకి కూడా జరిగిందన్నమాట.

పాట సంగతి చెప్పకపోతే తప్పు. ప్రెమింజర్ జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ పాత బాణీ ఒకటి వాడదామనుకున్నాడు. సంగీత దర్శకుడు డేవిడ్ రాక్సిన్ అది లారాకు సరిపోదని అడ్డుపడ్డాడు. సరే, సోమవారానికి నీదేదో పట్టుకురా అన్నాడు ప్రెమింజర్. రాక్సిన్ చెప్పుకున్న కథ ప్రకారం శని, ఆదివారాలు ఏమీ కుదరలేదు. జేబులో భార్య రాసిన ఉత్తరం ఉంది, చదివితే సరిగా అర్థం కాలేదు. ఆదివారం రాత్రి దాన్ని పియానో మీద పెట్టుకుని వాయిస్తూ చదివితే అర్థమైంది, ఆమె వదిలి వెళ్లిపోతోందని. బాణీ అప్పుడు పుట్టింది. కళాకారులు చెప్పుకునే ఇలాంటి కథలను నేను కొంచెం అనుమానంగానే వింటాను. కానీ ఆ బాణీ వింటే మాత్రం నమ్మబుద్ధేస్తుంది. మరుసటి ఏడాది జానీ మెర్సర్ మాటలు రాశాక అది జాజ్ పాటగా వేరే జీవితం మొదలుపెట్టింది. సినిమాలో అయితే దాదాపు ఆ ఒక్క బాణీయే తిరుగుతుంది. రేడియోలో, గ్రామఫోన్ రికార్డులో, పార్టీలో, ఖాళీ ఫ్లాట్‌లో. లారా తెర మీద లేని మొదటి సగంలో ఆమె ఉనికంతా ఆ బాణీయే.

ఇంతకీ దీన్ని ఫిల్మ్ నువార్ అని ఎందుకంటారు? కొందరు నోయిర్ అని రాస్తారు. నేరం, మనుషుల లోపలి చీకటి చుట్టూ తిరిగే పాత హాలీవుడ్ సినిమాలకు ఆ పేరు. మాట ఫ్రెంచిది, అర్థం నలుపు. హాలీవుడ్‌లో తీసినవాళ్లకు ఆ మాటే తెలియదు. జర్మన్ ఆక్రమణ వల్ల ఫ్రాన్సుకు కొన్నేళ్లు అమెరికన్ సినిమాలు రాలేదు. యుద్ధం అయ్యాక 1946లో అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. విడివిడిగా చూస్తే తెలియని పోలిక వరసగా చూసిన ప్యారిస్ విమర్శకులకు కనిపించింది. ఆ ఆగస్టులో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు కొన్ని సినిమాల్ని కలిపి 'నలుపు' అన్నాడు, వాటిలో 'లారా' ఒకటి. మనకు నువార్ అనగానే చీకటి సందులు, తడిసిన రోడ్లు, టోపీ నీడలో ముఖాలు గుర్తొస్తాయి. 'లారా'లో అవి తక్కువ. అన్నీ పూలకుండీలు, పింగాణీ, పట్టు పరదాలు. నలుపు గోడల మీద లేదు. చచ్చిన మనిషిని కావాలనుకునే డిటెక్టివ్‌లో ఉంది, తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదనే పెద్దమనిషిలో ఉంది. పార్టీలో అద్దం ముందు కూర్చుని యాన్ లారాతో అనే మాటల్లో కూడా ఉంది: షెల్బీ మంచివాడు కాదు, నేనూ మంచిదాన్ని కాను, అందుకే అతను నాకే సరిపోతాడు. యాన్ వేషం వేసిన జూడిత్ ఆండర్సన్ ఆ మాటల్ని కూరగాయల బేరంలా చెబుతుంది. సినిమాలో తన గురించి తను నిజం చెప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే.

లోపాలు లేవా అంటే, బోలెడు. మెక్‌ఫర్సన్ పోలీసు పని చూస్తే మన హెడ్ కానిస్టేబుల్ కూడా నవ్వుతాడు. అనుమానితుణ్ని వెంటబెట్టుకుని మిగతా అనుమానితుల ఇళ్లకు తిరుగుతాడు. వాల్డో ఇంట్లోదానికి జోడీగా లారా ఫ్లాట్‌లో ఉన్న గడియారం అడుగు అరలో హత్యాయుధం దొరికితే దాన్ని అక్కడే పెట్టేసి, తలుపేసుకో అని లారాకు చెప్పి వెళ్లిపోతాడు. మూల నవల రాసిన వీరా కాస్పరీ తుపాకీని వాల్డో చేతికర్రలో పెట్టింది, నిజానికి అదే తెలివైన చోటు. ఆమె నవలలో లారాకు తన కథ తను చెప్పుకునే భాగం ఒకటి ఉంది, సినిమాలో మిగిలింది వాల్డో గొంతే. స్వయంగా ప్రకటనల రంగంలో పనిచేసిన రచయిత్రి లారాను మరీ ఇలా వినిపించకుండా చేసినందుకు నొచ్చుకుందంటే ఆశ్చర్యం లేదు. ఆ లోటు ఇప్పుడు చూసేవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంకో లోపం దాదాపు పడబోయి తప్పింది. జానక్ పట్టుబట్టి చివర మార్పించాడు, లారా తిరిగి రావడమంతా డిటెక్టివ్ ఊహ అన్నట్టుగా. ఆ ప్రతిని చూసిన కాలమిస్టు వాల్టర్ వించెల్ సినిమా బ్రహ్మాండం కానీ చివర నాకు బోధపడలేదు అన్నాడు. దాంతో పాత ముగింపు వెనక్కి వచ్చింది. ఒక కాలమిస్టు హంతకుడిగా ఉన్న సినిమాను ఇంకో కాలమిస్టు కాపాడాడు. తమాషా ఏమిటంటే, ఆ వదిలేసిన ముగింపు పూర్తిగా పోలేదు. కుర్చీలో నిద్రపోయిన మెక్‌ఫర్సన్ ముఖం దగ్గరికి కెమెరా వెళ్లి వెనక్కి వస్తుందని చెప్పాను కదా. సినిమాల్లో కల మొదలయ్యేది సరిగ్గా అలాగే. కల ముగిసిందనడానికి గుర్తుగా అలాంటి కదలిక మళ్లీ ఎక్కడా లేదు. రెండో సగమంతా కలే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను, కానీ ప్రతిసారీ ఆ షాట్ దగ్గర కొంచెం ముందుకు వంగి చూస్తాను.

చివరి పది నిమిషాలు మళ్లీ గొంతు చుట్టూనే తిరుగుతాయి. లారా పడకగదిలో నిద్రకు సిద్ధమవుతూ రేడియో పెడుతుంది. వాల్డో ప్రసంగం వస్తోంది, ప్రేమ మృత్యువు కన్నా పెద్దదని తియ్యగా చెబుతున్నాడు. ఆ ప్రసంగం ముందే రికార్డు చేసింది. మనిషి వెళ్లిపోలేదు, మెట్ల దగ్గర నక్కి, వెనక తలుపులోంచి వచ్చి, పక్క గదిలో గడియారం అడుగు అర తెరుస్తున్నాడు. ఒక వాల్డో రేడియోలో ప్రేమ గురించి చెబుతుంటే, ఇంకో వాల్డో అది వింటూ నింపాదిగా తుపాకీలో గుళ్లు వేసుకుంటున్నాడు. లారా తుపాకీని పక్కకు నెట్టి తప్పించుకుంటుంది, పోలీసులు తలుపు పగలగొట్టుకుని వస్తారు, ఒకరి తూటా వాల్డోకు తగులుతుంది. అతను పేల్చింది గురితప్పి గడియారాన్ని బద్దలు చేస్తుంది. లారా, మెక్‌ఫర్సన్ వాల్డో వైపు పరుగెత్తుతారు. కెమెరా మాత్రం వాళ్ల వెంట పోదు. పగిలిన గడియారం ముఖం దగ్గర ఆగిపోతుంది, అక్కడ మనిషి లేడు, గొంతు ఒక్కటే వినబడుతుంది. లారాకు వీడ్కోలు చెబుతోంది.